మూలబడిన కంప్యూటరు

ఇత్తడిగిన్నెకు కళాయి పోయినంతమాత్రమున గిన్నెను వీథిలో పాఱవేయు గృహిణి యుండదు. మరల కళాయి వేయించి వంటకు వాడుకొనును. కాని వేలకువేలు పోసి కొన్న కంప్యూటరు మందగించిన దనగానే దానిని బీరువామీది కెక్కించి, క్రొత్తదానికై డబ్బు కూర్చుకొనుట నేడు మన యిండ్లలో పరిపాటియైనది. అందు నిజముగా చెడిన దేది, చెడని దేది యని విచారించువారు తక్కువ. మా యింట జరిగిన సంగతి చెప్పి, ఈ విషయమును సోదరీమణులకు తెలియజేయ దలచితిమి.

మా లాప్‌టాపు 2013వ సంవత్సరమున కొన్నది. అందు 4 జి.బి. ర్యామును, 500 జి.బి. హార్డుడిస్కును గలవు. తొలుత చక్కగా పనిచేసినదియే. రానురాను, ఉదయము మీట నొక్కి, పాలు కాచి, కాఫీ కలిపి తెచ్చుకొనువఱకును తెఱమీద నేమియు కదలకుండెను. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా యమ్మాయి పాఠములను చిన్న ఫోనులో చూచి చూచి కన్నులు మండుచున్నవని చెప్పుచుండెను. మరమ్మతు దుకాణమునకు గొనిపోగా, “దీనికి కాలము చెల్లిందండీ, క్రొత్తది కొనుక్కోండి” అని చెప్పి పంపిరి. అది అమ్మాయి బడిజీతము కట్టవలసిన నెల. క్రొత్తదాని మాట తలపెట్టుటకే వీలులేకపోయెను.

కంప్యూటరునందు రెండు సంగతులు గలవు. చేతికి దొరకు యంత్ర మొకటి. ఆ యంత్రముచేత పనిచేయించు ఆపరేటింగు సిస్టము రెండవది. మన యిండ్లలో హెచ్చుగా నుండునది విండోసు. 2015లో వెలువడిన విండోసు 10నకు సాధారణముగా నిచ్చు రక్షణసవరణలు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినవి. తరువాతిదైన విండోసు 11నకు 4 జి.బి. ర్యాము చాలునని చెప్పినను, టీపీఎమ్ 2.0 అను రక్షణసాధనమును, వారు ఆమోదించిన ప్రాసెసరును గూడ నుండవలయును. అవి లేని యంత్రము ఎంత గట్టిగా నున్నను పరీక్ష తప్పినట్లే. మాదియు నట్లే తప్పినది. అనగా చెడినది గిన్నె కాదు, కళాయి.

ఇట్టియెడ అక్కఱకు వచ్చునది లినక్సు. ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయమునందు చదువుచుండిన లీనస్ టోర్వాల్డ్స్ 1991లో, ఇరువదియొక్క యేండ్ల వయసున, దీని మూలభాగమును వ్రాసి లోకమునకు వెల్లడించెను. 1983లో రిచర్డు స్టాల్మన్ ప్రకటించిన గ్నూ ప్రయత్నమునుండి వచ్చిన పరికరములు దానితో గలసి పూర్తి వ్యవస్థ యేర్పడినది. దీనిని ఎవరైనను ఉచితముగా గ్రహింపవచ్చును, లోపలి వ్రాత చూడవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును. ఇది మన మెఱుగని వింతయు గాదు. మన చేతులలోని ఆండ్రాయిడు ఫోనులకు ఆధారము ఈ లినక్సే. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో బాలబాలికలు దీనిమీదనే కంప్యూటరు నేర్చుకొనుచున్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ యను సంస్థ ఇట్టి స్వతంత్ర సాఫ్టువేరును తెలుగువారిలో వ్యాపింపజేయుచున్నది.

లినక్సులో పెక్కు రకములు గలవు. పాతయంత్రమునకు తేలికదానినే యెన్నుకొనవలయును. కిటికీలను, పట్టీలను, బొమ్మలను తెఱమీద చూపు భాగము బరువైనదైనచో ఉన్న ర్యాములో చాలవఱకు దానికే పోవును. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ యనునవి ఆడంబరములేని తేలిక తెఱలు. లుబుంటూ యను రకమున రెండవది యుండును. మేము లినక్సు మింటులోని ఎక్స్‌ఎఫ్‌సీఈ రకమును గైకొంటిమి. దానికి 2 జి.బి. ర్యామును, 20 జి.బి. స్థలమును కనీసము కావలయును, 4 జి.బి. ర్యామును, 100 జి.బి. స్థలమును ఉన్నచో సుఖము. దాని 22వ శ్రేణికి 2029వఱకు సవరణలు వచ్చును. క్రింద పట్టీయు, మూలను మెనూయు నుండుటచే విండోసు అలవాటైనవారికి తడబాటుండదు. మిక్కిలి పాతవైన 32-బిట్టు యంత్రములకు మాత్రము ఈ రకములు పనికిరావు.

మింటువారు ఉచితముగా నిచ్చు ఫైలు సుమారు 3 జి.బి. యుండును. దానిని 8 జి.బి. పెన్‌డ్రైవుమీదికి ఎక్కించుకొనవలయును. ఊరక నకలు చేసిన చాలదు. రూఫస్ గాని, ఎచర్ గాని యను ఉపకరణముతో వ్రాయవలయును. అట్లు వ్రాయునపుడు పెన్‌డ్రైవులోని పాతవన్నియు తుడిచిపెట్టుకొనిపోవును. మాకు మా తమ్ముడు తన కంప్యూటరుమీద వ్రాసి యిచ్చెను. పిమ్మట పెన్‌డ్రైవును లాప్‌టాపునకు తగిలించి, మీట నొక్కినవెంటనే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేపు మున్నగువానిలో ఆ యంత్రమునకు తగినదానిని నొక్కినచో, దేనినుండి ఆరంభింపవలెనో యెన్నుకొనుమని అడుగును.

పెన్‌డ్రైవు నెన్నుకొన్నచో లినక్సు దానినుండియే నడచును. హార్డుడిస్కులోని దేనిని అది తనంతట ముట్టుకొనదు. చీరను కొనుటకుముందు మడత విప్పి చూచుకొన్నట్లు ఇక్కడ అన్నియు పరీక్షించుకొనవలయును. వైఫై కలియుచున్నదా, శబ్దము వినబడుచున్నదా, కెమెరా కనబడుచున్నదా, ప్రింటరు కదలుచున్నదా యని యొక పూట చూడుడు. పెన్‌డ్రైవునుండి నడచునప్పుడు కొంత నెమ్మదిగా నుండుట సహజము. దానిని జూచి నిరుత్సాహపడ నక్కఱలేదు.

ఇక నన్నిటికంటె ముఖ్యమైన మాట. దుకాణములవారు విండోసును మరల వేయునపుడు తఱచుగా ‘సి’ డ్రైవును మాత్రము తుడిచి, ‘డి’ డ్రైవును విడిచిపెట్టుదురు. అందుచే దాచుకొనవలసిన దెల్ల ‘డి’లో నుంచుట మన యలవాటు. మేమును ‘సి’లోని జమాఖర్చులను, అద్దెరసీదులను, కొన్ని ఫొటోలను వేఱొక డ్రైవున కెక్కించి, ‘డి’ ఎక్కడికి పోవునులే యని ధైర్యముగా నుంటిమి. డిస్కును తుడిచి లినక్సును స్థాపింపుమను చోట గుఱుతు పెట్టి, మౌసుమీద వ్రేలుంచితిమి. ప్రక్కనున్న అమ్మాయి, “అమ్మా, మామ్మ పాటలు తీశావా?” అని యడిగెను.

మా యత్తగారు 2019లో కాలము చేసిరి. అంతకుముందు సంక్రాంతికి వారు పాడిన పెండ్లిపాటలను, మంగళహారతులను పదునాలుగింటిని ఫోనులో పట్టి ‘డి’ డ్రైవులో దాచియుంటిమి. ఆ ఫోను ఏనాడో చెడిపోయినది. పాటలు మఱెచ్చటను లేవు. తెఱమీద నున్న మాటను మరల చదువుకొంటిమి. అందు ‘సి’ యనియు లేదు, ‘డి’ యనియు లేదు; డిస్కు అనియే యున్నది. ఆ రెండును ఒకే డిస్కులోని రెండు గదులు మాత్రమే. వ్రేలు తీసి, ఆ పని యంతటితో ఆపితిమి. పెన్‌డ్రైవునుండి నడచుచున్న లినక్సులోనే పాతడిస్కును తెఱచి, పాటలను రెండు వేఱువేఱు చోట్లకు నకలు తీసి, ఒక్కొక్కదానిని విని చూచుకొని, మఱునాడుగాని స్థాపనకు పూనుకొనలేదు. కావున సోదరీమణులు ‘సి’, ‘డి’ అను భేదము పాటింపక సమస్తమును బయటికి తీసి, తీసినవి తెఱచుకొనుచున్నవో లేవో చూచి, అటుపిమ్మటనే ముందడుగు వేయవలయును.

స్థాపనలో కష్టమేమియు లేదు. పాత బ్యాటరీని నమ్మక చార్జరు తగిలించి యుంచవలయును. భాష, కీబోర్డు, ఊరి కాలము, పేరు, రహస్యపదము అడుగును. పాటలకు, చలనచిత్రములకు కావలసిన కోడెక్కులు చేర్పుమను గడిలో గుఱుతు పెట్టుట మంచిది. మా యంత్రమునకు అరగంట పట్టినది. విండోసును గూడ ప్రక్కన నుంచుకొను మార్గము గలదు గాని, దానికి స్థలమును పంచవలసియుండును. తెలిసినవారిని దగ్గఱ నుంచుకొని చేయుట మేలు.

ఆరంభించినపుడు మా యంత్రమున ఒక జి.బి. ర్యామైనను ఖర్చగుట లేదు. ఫైర్‌ఫాక్సు బ్రౌజరును, జాబులకు, లెక్కలకు లిబ్రే ఆఫీసును దానితోనే వచ్చినవి. కీబోర్డు అమరికలలో తెలుగును చేర్చుకొన్నచో ఇన్‌స్క్రిప్టు పద్ధతిని వ్రాయవచ్చును. ఉచ్చారణననుసరించి వ్రాయువారికి ఐబస్ అను సాధనము గలదు. అయినను దీనిని మంత్రమని భ్రమపడరాదు. సిస్టము తేలికయైనను బ్రౌజరు తేలిక కాదు. పది పేజీలు ఒక్కమాఱు తెఱచినచో 4 జి.బి. ర్యాము చాలదు. చూచినదానిని మూసి వేఱొకటి తెఱచుట నేర్వవలయును. మూడు నెలల తరువాత కొంత మిగుల్చుకొని, పాత హార్డుడిస్కు స్థానమున ఎస్.ఎస్.డి. వేయించితిమి. దానితో కాఫీ కలుపువఱకు కాచుకొను అవస్థ తప్పినది.

వ్యాపారపు లెక్కలకు ట్యాలీ వాడువారును, డిజిటలు సంతకపు సాధనముతో పనియున్నవారును త్వరపడరాదు. అవి ముఖ్యముగా విండోసుకై చేసినవి. కొన్ని ప్రింటరులును మొండికెత్తును. వర్డులో వ్రాసిన కాగితములు లిబ్రే ఆఫీసులో ఒక్కొక్కమాఱు వరుస తప్పును. సవరణలను వారమునకొకసారి యైన వేసికొనవలయును. లినక్సు ఉన్నదిగదా యని తెలియని లంకెలను నొక్కుటయు, రహస్యపదమును పరులకు చెప్పుటయు కూడదు. మోసగాండ్రకు ఏ సిస్టమైనను ఒక్కటే.

ఇప్పుడు అమ్మాయి పెద్దతెఱమీద పాఠములు చూచుకొనుచున్నది. నెల జమాఖర్చు మేమే వ్రాసికొనుచున్నాము. శుక్రవారము సాయంకాలమున దీపము పెట్టినప్పుడు అత్తగారి మంగళహారతి ఆ కంప్యూటరునుండియే వినుచున్నాము. మీ యింట బీరువామీద నట్టి యంత్రమున్నచో దింపి దుమ్ము దులుపుడు. మొదట అందులో నెవరి గొంతు, ఎవరి ముఖము దాగియున్నదో చూచి భద్రపఱుపుడు. తక్కిన పని తరువాత.