నాలుగు పోస్టుకార్డుల మీద కారు పరుగు

సైకిలు నేర్చుకున్న కొత్తల్లో ఇసుక పరుచుకున్న మలుపు దగ్గర మీరెప్పుడైనా పడ్డారా? పడే ముందు ఏం చేశారో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. మలుపు తిరుగుతుండగా చక్రం కొద్దిగా జారినట్లనిపించింది. కంగారుపడి ముందు బ్రేకు గట్టిగా నొక్కేశారు. అంతే! మరుక్షణం సైకిలొకచోట, మీరొకచోట. నొక్కకపోతే బహుశా పడేవారు కాదేమో! ఆపడానికి వేసిన బ్రేకే మనల్ని పడదోసిందంటే వింతగా లేదూ?

ఈ వింతకు జవాబు తెలుసుకోవాలంటే ఒక ఆటను చూడాలి. ఆ ఆట పేరు ఆటోక్రాస్.

ఏమిటీ ఆట?

అమెరికాలో సెలవు రోజున ఏదో ఒక ఊళ్లో, ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగు స్థలంలోనో, వాడకంలో లేని విమానాశ్రయపు కాంక్రీటు మీదనో, నారింజ రంగు ప్లాస్టిక్ శంకువులు నిలబెట్టి వంకరటింకర దారి ఒకటి గీస్తారు. ఆ దారిలో కార్లు ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా పరుగెత్తుతాయి. పోటీ పక్క కారుతో కాదు, గడియారంతో! పరుగు దాదాపు ఒక నిమిషంలో ముగుస్తుంది. కాలాన్ని సెకనులో వెయ్యోవంతు వరకు కొలుస్తారు. ఒక్క శంకువును పడగొడితే 2 సెకన్లు జరిమానాగా కలుపుతారు. 1944లో స్థాపించబడిన ‘స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా’ ఈ పోటీలను ‘సోలో’ అనే పేరుతో జరుపుతుంది. దాని జాతీయ పోటీలు 2009లో నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరానికి మారాయి. అక్కడ పూర్వం వైమానిక దళం వాడిన విశాలమైన కాంక్రీటు మైదానం ఉంది. బ్రిటన్‌లో ఇదే పేరుతో గడ్డి నేల మీద, మట్టి నేల మీద పోటీలు జరుగుతాయి. మనం మాత్రం ఈ కాంక్రీటు ఆటనే చూద్దాం.

పోటీదారుల్లో చాలామంది ఔత్సాహికులు. సోమవారం ఆఫీసుకు వెళ్లే కారుతోనే ఆదివారం పోటీకి వస్తారు. వేగం కూడా పెద్దరోడ్డు మీద కార్లు పోయే వేగాన్ని మించదు. మరి గెలుపు దేని మీద ఆధారపడుతుంది? ఇంజను మీద కంటే ఎక్కువగా టైర్ల మీద, వాటిని వాడుకునే తెలివి మీద!

పోస్టుకార్డంత జాగా

1000 కిలోల కారును తీసుకుందాం. బరువు సమానంగా పంచితే ఒక్కొక్క టైరు మీద 250 కిలోలు. టైరులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 2 కిలోలనుకుందాం. బరువును పీడనంతో భాగిస్తే నేలను తాకే వైశాల్యం వస్తుంది. అంటే సుమారు 125 చదరపు సెంటీమీటర్లు. మన పోస్టుకార్డు పొడవు 14 సెం.మీ., వెడల్పు 9 సెం.మీ. గుణించి చూడండి. దాదాపు అంతే! అంత పెద్ద కారూ నేలను పట్టుకుని ఉన్నది నాలుగు పోస్టుకార్డులంత మేర మాత్రమేనన్నమాట.

కారు మలుపు తిరగాలన్నా, ఆగాలన్నా, ముందుకు దూకాలన్నా కావలసిన బలమంతా ఆ నాలుగు జాగాల ద్వారానే రావాలి. స్టీరింగు కారును తిప్పదు, చక్రాన్ని తిప్పుతుంది. కారును తిప్పేది నేలకూ రబ్బరుకూ మధ్య ఉన్న ఘర్షణ. దాన్నే మనం ‘పట్టు’ అందాం.

మలుపుకు ఎంత పట్టు కావాలి?

వృత్తంలో తిరిగే వస్తువుకు అభికేంద్ర త్వరణం ఉండాలని మీరు భౌతికశాస్త్రంలో చదివే ఉంటారు. దాని విలువ వేగవర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. మన కారు గంటకు 40 కి.మీ. వేగంతో, అంటే సెకనుకు 11.1 మీటర్ల వేగంతో, 15 మీటర్ల వ్యాసార్ధం గల మలుపు తిరుగుతోందనుకోండి. త్వరణం సుమారు 8.2. గురుత్వ త్వరణం 9.8 కదా. కనుక కారు బరువులో 84 శాతమంత బలాన్ని నేల పక్కనుంచి అందించాలి.

ఇప్పుడు వేగాన్ని 40 నుంచి 44కు పెంచండి. పెరిగింది పదోవంతే. కాని వేగవర్గం లెక్కలోకి వస్తుంది కనుక కావలసిన బలం 21 శాతం పెరుగుతుంది. అది కారు బరువునే మించిపోతుంది! టైరు అంత ఇవ్వలేకపోతే కారు మలుపు తిరగదు, శంకువుల మీదికి పోతుంది.

ఏ టైరు మంచిది?

రబ్బరు రెండు విధాలుగా నేలను పట్టుకుంటుంది. రోడ్డులోని చిన్న చిన్న రాళ్ల మధ్య సందుల్లోకి దిగి, వాటి రూపానికి ఒదిగిపోయి పట్టుకోవడం ఒకటి. రబ్బరు అణువులు నేలకు అంటుకుని లాగబడడం మరొకటి. మెత్తని రబ్బరు ఈ రెండు పనులూ బాగా చేస్తుంది. కాని త్వరగా అరిగిపోతుంది. గట్టి రబ్బరు చాలాకాలం మన్నుతుంది కాని పట్టు తక్కువ. రెండూ కావాలంటే కుదరదు.

అమెరికాలో అమ్మే కారు టైర్ల పక్కగోడ మీద అరుగుదలను తెలిపే ఒక అంకె ఉంటుంది. ప్రమాణంగా తీసుకున్న టైరుకు 100 అంకె. 200 అంకె ఉన్న టైరు ఆ పరీక్షలో దానికి రెట్టింపు కాలం మన్నుతుందని అర్థం. ఇళ్లలో వాడే కార్ల టైర్లకు 400, 500 అంకెలు సర్వసాధారణం. సోలో పోటీల్లో మామూలు వీధి కార్ల విభాగాలకు ఈ అంకె 200కు తగ్గకూడదని నియమం పెట్టారు. లేకపోతే డబ్బున్నవాళ్లు ప్రతివారం కొత్త మెత్తని టైర్లు వేసుకుని గెలుస్తూ పోతారు కదా!

ఐతే పెద్ద పందేల కార్ల టైర్లు తెచ్చి బిగిస్తే సరిపోతుందా? సరిపోదు. వాటిలో చాలా రకాలు బాగా వేడెక్కితేగాని పట్టు ఇవ్వవు. నిమిషంపాటు సాగే పరుగులో అవి వేడెక్కే లోపలే ఆట ముగుస్తుంది. కనుక చల్లగా ఉన్నప్పుడే పట్టు ఇచ్చే టైరు కావాలి. మరోవైపు, ఎండరోజున ఒకే కారును ఇద్దరు మార్చి మార్చి నడిపితే టైర్లు అతిగా వేడెక్కి పట్టు తగ్గుతుంది. అప్పుడు వాటి మీద నీళ్లు చిలకరించి చల్లారుస్తారు.

గాలి సంగతీ చూడాలి. తక్కువైతే మలుపులో టైరు ఒరిగి అంచు మీద నడుస్తుంది. ఎక్కువైతే నడుమ భాగమే నేలను తాకుతుంది. సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక చవకైన ఉపాయం ఉంది. టైరు అంచు మీద సుద్దముక్కతో గీతలు గీస్తారు. పరుగు ముగిశాక గీత ఎంతవరకు చెరిగిందో చూస్తే టైరు ఎంత ఒరిగిందో తెలిసిపోతుంది!

మంచి టైరు వల్ల లాభమెంత? ఘర్షణ గుణకం 0.8 ఉన్న టైరుతో మన 15 మీటర్ల మలుపును గంటకు 39 కి.మీ. వేగంతో తిరగవచ్చు. గుణకం 1.0 అయితే సుమారు 43.6 కి.మీ. పట్టు 25 శాతం పెరిగితే వేగం 12 శాతమే పెరిగింది. మిగతాది డ్రైవరే సంపాదించుకోవాలి.

ఒకటే సంచి, రెండు ఖర్చులు

ఇక అసలు రహస్యానికి వద్దాం. టైరు ఇవ్వగల పట్టు మొత్తం 100 పాళ్లనుకోండి. అందులోనుంచే మలుపుకు ఖర్చు పెట్టాలి, అందులోనుంచే బ్రేకుకూ ఖర్చు పెట్టాలి. వేరే సంచి లేదు. ఐతే ఈ రెండు బలాలూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి కనుక వాటిని మామూలుగా కూడకూడదు. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కూడాలి. మలుపుకు 60 వాడితే బ్రేకుకు 80 మిగులుతుంది. మలుపుకు 80 వాడితే బ్రేకుకు మిగిలేది 60. మలుపుకు 100 పాళ్లూ వాడేస్తే బ్రేకుకు మిగిలేది సున్న! కాగితం మీద గీస్తే ఇది ఒక వృత్తమవుతుంది. వునిబాల్డ్ కామ్ అనే జర్మన్ ఇంజనీరు పేరు మీదుగా దీన్ని ‘కామ్ వృత్తం’ అంటారు.

ఇప్పుడు మీ సైకిలు కథ అర్థమైందా? ఇసుక మీద సంచి అసలే చిన్నది. అందులో ఉన్నదంతా మలుపుకే ఖర్చవుతోంది. అప్పుడు బ్రేకు వేశారు. ఇవ్వడానికి ఏమీ మిగలక చక్రం జారిపోయింది.

అందుకే ఆటోక్రాస్ డ్రైవరు తిన్నని దారిలోనే బ్రేకు వేసి, మలుపులో ప్రవేశించే ముందే వేగం తగ్గించుకుంటాడు. స్టీరింగు తిప్పేకొద్దీ బ్రేకు వదులుతాడు. మలుపు ముగిసి స్టీరింగు నిటారుగా వచ్చేకొద్దీ ఆక్సిలరేటరు నొక్కుతాడు. ముందు చక్రాలు జారుతుంటే కొత్తవాడు స్టీరింగును ఇంకా ఇంకా తిప్పుతాడు. అది దివాలా తీసినవాణ్ణి అప్పు అడగడం వంటిది! తెలిసినవాడు కాలు కొద్దిగా ఎత్తి, స్టీరింగు కొంచెం సడలిస్తాడు. పట్టు మళ్లీ దొరుకుతుంది.

మెల్లగా చేసేవాడే త్వరగా పోతాడు

బస్సు హఠాత్తుగా ఆగితే మనం ముందుకు తూలుతాం. కారు బరువూ అలాగే ముందుకు మొగ్గుతుంది. మన కారు గరిమనాభి అర మీటరు ఎత్తులో ఉంది, ఇరుసుల మధ్య దూరం 2.5 మీటర్లు అనుకోండి. కారు బరువులో 80 శాతమంత బలంతో బ్రేకు వేస్తే 160 కిలోల బరువు వెనక చక్రాల మీదనుంచి ముందు చక్రాల మీదికి మారుతుంది. అంటే ముందు 660, వెనక 340 కిలోలు! మలుపు మధ్యలో ఆక్సిలరేటరు మీదనుంచి కాలు చటుక్కున తీసినా కొంత బరువు ఇలాగే ముందుకు పోతుంది. తేలికైన వెనక చక్రాలు పట్టు వదిలేస్తే కారు బొంగరంలా తిరిగిపోతుంది. కనుక స్టీరింగూ, బ్రేకూ, ఆక్సిలరేటరూ, దేన్నీ కుదుపుతో వాడకూడదు.

దారి ఎన్నుకోవడం మరో విద్య. పోటీకి ముందు డ్రైవర్లు దారంతా కాలినడకన తిరిగి చూసుకుంటారు. మలుపులోకి బయటి అంచు నుంచి వచ్చి, మధ్యలో లోపలి శంకువుకు దగ్గరగా వెళ్లి, మళ్లీ బయటి అంచుకు చేరితే వ్యాసార్ధం పెరుగుతుంది. వ్యాసార్ధం 15 నుంచి 18 మీటర్లకు పెరిగితే అదే పట్టుతో 40కి బదులు దాదాపు 44 కి.మీ. వేగంతో పోవచ్చు. పైసా ఖర్చు లేకుండా కొత్త టైరు వేసుకున్నట్లే కదూ! చూపు మాత్రం ఎదుటి శంకువు మీద కాక, దాని తర్వాతి శంకువుల మీద ఉండాలి.

వాన పడితే?

పొడి నేల మీద గాడులు లేని నున్నటి టైరే ఎక్కువ రబ్బరును నేలకు ఆనిస్తుంది. కాని వాన పడితే అదే గండం. నీళ్లు తప్పుకోవడానికి దారి కావాలి. ఆ దారులే టైరు మీది గాడులు. గాడులు అరిగిపోయి, వేగం ఎక్కువైతే, టైరు నీటి పొర మీద తేలిపోతుంది. అప్పుడు సంచి దాదాపు ఖాళీ! స్టీరింగు తిప్పినా, బ్రేకు వేసినా పలకదు. కారు టైరు గాడుల అడుగున 1.6 మి.మీ. ఎత్తున చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. పై రబ్బరు అరిగి వాటితో సమమైతే టైరు మార్చవలసిందే. ఈసారి ఏదైనా కారు దగ్గర నిలబడినప్పుడు వెతికి చూడండి.

మీరే చేసి చూడండి

ఒక పాత హవాయి చెప్పును పలక చెక్క మీద పెట్టండి. చెక్కను ఒక వైపున నెమ్మదిగా ఎత్తండి. చెప్పు జారడం మొదలైనప్పుడు ఎత్తును అడుగు పొడవుతో భాగిస్తే ఘర్షణ గుణకం వస్తుంది. చెక్కను తడిపి, తర్వాత ఇసుక చల్లి మళ్లీ కొలవండి. ఇప్పుడు పొడి చెక్క మీద, చెప్పు ఇంకా జారకుండా అంచున ఉన్న వాలులో ఆపి, దానికి కట్టిన దారాన్ని పక్కకు కొంచెం లాగండి. అది పక్కకు మాత్రమే జరగదు, కిందికీ జారిపోతుంది! కామ్ వృత్తం మీ కళ్లముందే ఉందన్నమాట.

చివరగా ఒక్క మాట. ఆటోక్రాస్‌లో పట్టును నూటికి నూరు పాళ్లూ వాడినవాడే గెలుస్తాడు. తప్పు జరిగితే పడేది ప్లాస్టిక్ శంకువు. రోడ్డు మీద లెక్క వేరు. అక్కడ మంచి డ్రైవరు పట్టులో సగం కూడా వాడడు. చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే బ్రేకులు ఇప్పటి కార్లలో ఉన్నాయి. కాని అవి కూడా సంచిని పెద్దది చేయలేవు. మిగిలిన సగాన్ని మలుపు వెనకనుంచి బంతి కోసం పరుగెత్తుకొచ్చే పిల్లవాడి కోసం డ్రైవరు దాచి ఉంచుతాడు. రేపు మీరు సైకిలెక్కినప్పుడు మీ సంచిలోనూ కొంత దాచుకోండి. మలుపుకు ముందే బ్రేకు వేయండి!