సభామందిరంలో పొగకు చోటివ్వవద్దు

హైదరాబాదు నుంచి కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారిపై ఉన్న ప్రజ్ఞాపూర్, గజ్వేల్‌తో కలిసి ఒకే పురపాలక సంఘం. ఇలాంటి కూడలి ఊరిలో వ్యాపారుల సమావేశమైనా, ఉపాధ్యాయుల శిక్షణ అయినా, ఏదైనా సంఘం సదస్సయినా ఏర్పాటు చేసేవారు సాధారణంగా హాలు అద్దె, భోజనాలు, వాహనాలు నిలిపే స్థలం గురించి విచారిస్తారు. అక్కడ పొగ త్రాగనిస్తారా అని అడిగేవారు అరుదు.

అడగవలసిన ప్రశ్న అదే. పొగాకు పొగలో వేలాది రసాయనాలున్నాయి. వాటిలో పదుల సంఖ్యలో క్యాన్సర్ కారకాలు. ఇతరులు వదిలిన పొగను పీల్చినా గుండెజబ్బులు, ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. ఉబ్బసం ఉన్నవారికి, గర్భిణులకు హాని మరింత ఎక్కువ. కిటికీలు తెరిచినా, ఏసీ నడిపినా ఈ ప్రమాదం పూర్తిగా తొలగదు. 2016–17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో నాలుగు గోడల మధ్య పనిచేసే వయోజనుల్లో 30.2 శాతం మంది పనిచోటనే ఇతరుల పొగ పీలుస్తున్నారు. సభకు వచ్చినవారు లేచి బయటకు వెళ్ళగలరు. టీ అందించే కుర్రవాడు, గిన్నెలు కడిగే స్త్రీ ఎక్కడికి వెళ్తారు?

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం బహిరంగ ప్రదేశాల్లో ధూమపానాన్ని నిషేధించింది. 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు కార్యాలయాలు, ఆడిటోరియాలతో పాటు ఆరుబయలు సభాస్థలాలనూ ఇందులో చేర్చాయి. ఉల్లంఘించినవారికి 200 రూపాయల వరకు జరిమానా. ప్రవేశద్వారం వద్ద నిషేధ సూచిక ఉండాలి. యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు సమకూర్చకూడదు. ఫిర్యాదు స్వీకరించే వ్యక్తి పేరు అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని యజమాని ఎన్ని ఉల్లంఘనలు జరిగితే అన్నింటికీ జరిమానా చెల్లించాలి.

అయితే ఒక మినహాయింపు ఉంది. 30 గదులున్న హోటళ్ళు, 30 మందికి పైగా కూర్చునే రెస్టారెంట్లు ప్రత్యేక ధూమపాన గదిని ఏర్పాటు చేసుకోవచ్చు. రెస్టారెంటు అన్న మాటలో విందు మందిరాలు కూడా వస్తాయి. కాబట్టి హాలు మాట్లాడుకునేటప్పుడే అలాంటి గది ఉన్నదా అని తెలుసుకోవాలి. ఉంటే మరో హాలు చూసుకోవడమే మేలు. “ఈ సభ పొగరహితం” అన్న ఒక్క వాక్యాన్ని ఆహ్వానపత్రంలో చేర్చాలి. విరామ సమయంలో గుమ్మం ముందు గుంపుగా నిలబడి కాల్చకుండా చూసే బాధ్యతను ఒక కార్యకర్తకు అప్పగించాలి.

పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవారు ఆ వాసనతో మస్జిదుకు రావద్దని దైవప్రవక్త (స) వారించారు. తోటివారికి ఇబ్బంది కలగరాదన్నదే అందులోని మర్యాద. వాసన విషయంలోనే అంత జాగ్రత్త అవసరమైతే, రోగాలు తెచ్చే పొగ సంగతి వేరే చెప్పాలా?

సిద్దిపేట, కామారెడ్డి, నిజామాబాద్ ప్రాంతాల్లో ఎందరో స్త్రీలు బీడీలు చుట్టి సంసారాలు నెట్టుకొస్తున్నారు. వారిలో మన అక్కాచెల్లెళ్ళూ ఉన్నారు. పొగాకు కష్టం తెలిసిన ఇళ్ళవి. అందువల్ల కాల్చేవారిని సభలో అవమానించడం మన పద్ధతి కాకూడదు. మానాలనుకునేవారికి 1800-11-2356 జాతీయ ఉచిత సహాయ సంఖ్యను చూపడం మేలు. వ్యసనం మానడానికి కాలం పట్టవచ్చు. సభలో వెలిగించకుండా ఉండటానికి మాత్రం ఈ రోజే చాలు.