ముద్ద దిగనప్పుడు

కష్టము వచ్చినవానిని గూర్చి "పాపము, ముద్ద దిగుట లేదు" అని మన ఇండ్లలో అనుకొనుట వాడుక. దుఃఖముచేత దిగని ముద్ద నాలుగు దినములు గడచిన పిమ్మట తనంతట దిగును. ఏ చింతయు లేనివానికి ముద్ద దిగనిచో మాత్రము అన్నవాహికలో ఏదో చెడు కలదని గ్రహింపవలెను. అట్టి చెడుగులలో మిక్కిలి అరుదైనది, గుర్తించుటకు కష్టమైనది ఒకటి కలదు. అదియే అన్నవాహికలో వచ్చు క్రోన్ వ్యాధి. దానిని గూర్చి నేడు ముచ్చటింతము.

నిడమనూరులో ముప్పది యేండ్ల రైతు ఒకడు కలడని ఊహింతము. అతనికి మొదట జొన్నరొట్టె రొమ్ము ఎముక వెనుక అడ్డుపడినట్లు తోచినది. నీళ్లు త్రాగి దింపుకొనెను. కొన్ని నెలలకు అన్నము సయితము దిగక, మజ్జిగయు అంబలియు మాత్రమే ఆధారమయ్యెను. మ్రింగినప్పుడెల్ల మంట. నోట పుండ్లు, అప్పుడప్పుడు విరేచనములు. చొక్కా వదులగుచున్నది. అతడు మందుల షాపులో గ్యాసు మాత్రలు కొని వాడుచు కాలము గడపెను. పొరపాటు ఇక్కడనే జరుగుచున్నది.

1932లో న్యూయార్కు నగరములోని మౌంట్ సినాయ్ ఆసుపత్రికి చెందిన క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అను మువ్వురు వైద్యులు ఈ వ్యాధిని వర్ణించిరి. అది చిన్నప్రేగు చివరిభాగమునకు చెందినదని వారు తలచిరి. నోటినుండి మలద్వారమువరకు ఎక్కడనైనను రాగలదని తరువాత తెలిసినది. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి జీర్ణనాళపు గోడను గాయపరచుట దీని స్వభావము. పుండ్లు మానునప్పుడు మచ్చకట్టి దారి ఇరుకగును. ఇది అంటువ్యాధి కాదు. ఒకరి తప్పువలన వచ్చునదియు కాదు. పట్టణవాసుల జబ్బు అనుకొనుటయు సరికాదు. ప్రేగుబాధలతో వచ్చినవారిని పరీక్షించి హైదరాబాదులోని జీర్ణకోశ వైద్యులు 2023లో ప్రకటించిన పరిశీలనలో, ఈ కోవకు చెందిన ప్రేగువాపు జబ్బులు పల్లెలయందును పట్టణమునందును ఇంచుమించు సమానముగనే కనిపించినవి.

దీనిని కనుగొనుట ఎట్లు? సన్నని గొట్టమును నోటిద్వారా పంపి లోపలి పొరను కంటితో చూచు పరీక్షకు ఎండోస్కోపీ అని పేరు. పుండ్లు కనిపించినచో చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శినితో చూతురు. ఇదియే బయాప్సీ. ఒక్క ముక్క చాలదు, పలుచోట్లనుండి తీయవలెను. అప్పటికిని క్రోన్ వ్యాధికి గుర్తయిన కణపుగుంపులు అందరిలోను దొరకవు. అందుచేత కొలనోస్కోపీతో పెద్దప్రేగును, చిన్నప్రేగు చివరను కూడ చూతురు. అన్నవాహికలో క్రోన్ వ్యాధి ఉన్నవారిలో పెక్కుమందికి ప్రేగులలోను అది ఉండును. ఆమ్లము ఎగదన్నుట, బూజు, వైరసు, గొంతులో చిక్కుకొన్న మాత్ర చేసిన పుండు, క్యాన్సరు — ఇవేవియు కావని తేల్చుకొనవలెను.

అన్నిటికన్న ముఖ్యముగా మన దేశమున క్షయ కాదని తేల్చుకొనవలెను. రెండింటి పుండ్లును చూపునకు ఒకటివలె నుండును. క్షయలో కణపుగుంపుల నడుమ భాగము కుళ్లి జున్నువలె మారుట కలదు. ఆ ముక్కలోనే క్షయక్రిమిని వెదకు సీబీనాట్ వంటి పరీక్షలు కలవు. ఈ తేడా పండితుల వాదము కాదు, రోగి ప్రాణముతో ముడిపడినది. క్రోన్ వ్యాధికి ఇచ్చు మందులు రక్షణశక్తిని అణచును. క్షయ ఉన్నవానికి వానిని ఇచ్చినచో అణగియున్న క్రిమి చెలరేగును. క్రోన్ రోగికి క్షయమందులు నెలలకొలది ఇచ్చినచో, ఆ లోపల అన్నవాహిక మరింత ఇరుకగును. సందేహము తీరనప్పుడు వైద్యులు క్షయమందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలలలో మరల ఎండోస్కోపీ చేసి, పుండ్లు మానినవో లేదో చూచుట కలదు. ఆ రెండవ పరీక్షను మానరాదు.

క్రోన్ వ్యాధియే అని తేలిన పిమ్మట చికిత్స మెట్లుమెట్లుగా సాగును. ఆమ్లమును తగ్గించు మందులు మంటను తగ్గించును గాని వ్యాధిని కుదుర్పవు. వాపును త్వరగా అణచుటకు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు కొన్ని వారములు ఇచ్చి, క్రమముగా తగ్గింతురు. రోగి తనంతట హఠాత్తుగా ఆపరాదు. దీర్ఘకాలమునకు అజాథయోప్రిన్ కలదు. అది పనిచేయుటకు రెండు మూడు నెలలు పట్టును, నడుమ రక్తపరీక్షలు అవసరము. తీవ్రమైనవారికి ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడలిముమాబ్ అను సూదిమందులు కలవు. ఇరుకైన దారిని ఎండోస్కోపీద్వారా బుడగతో మెల్లగా వెడల్పు చేయుదురు. అన్నవాహికకు రంధ్రము పడినను, వెడల్పు చేసినను దారి నిలువకున్నను శస్త్రచికిత్స చేయవలసి వచ్చును.

ఈ వ్యాధి వేరుతో పోదు; అదుపులో నుండును. అదుపులో నున్నవాడు పొలము దున్నగలడు, పెండ్లి చేసికొనగలడు, పదిమందితో విస్తరిముందు కూర్చుండగలడు.

కావున మా మనవి ఇది. గట్టిపదార్థము దిగుట కష్టమైనచో, బరువు తగ్గుచున్నచో, గ్యాసు మాత్రలతో నెలలు గడపరాదు. నల్లగొండ, సూర్యాపేటలలో 2019నుండి ప్రభుత్వ వైద్యకళాశాలలు నడచుచున్నవి; హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రులలో జీర్ణకోశ శాఖలు కలవు. వెళ్లునప్పుడు పాత చీట్లు, వాడిన మందుల పేర్లు, ఇంటిలో ఎవరికైనను క్షయ వచ్చినచో ఆ సంగతి వెంట తీసికొనిపొండు. వైద్యుడు ఏ మందు వ్రాసినను ఒక్క ప్రశ్న అడుగుడు: "ముక్క తీసి చూచితిరా? క్షయ కాదని తేలినదా?" ఆ ప్రశ్నకు ఏ మంచి వైద్యుడును కోపగించుకొనడు.