పిల్లల గురకను తేలిగ్గా తీసుకోవద్దు.. బరువు, చదువు, గుండెపైనా ప్రభావం

మీ పిల్లలు రాత్రిపూట గురక పెడుతున్నారా? నోరు తెరుచుకుని పడుకుంటున్నారా? ‘అచ్చం తాతలాగే గురక.. ఎంత గాఢంగా నిద్రపోతున్నాడో’ అని ఇంట్లో పెద్దవాళ్లు మురిసిపోతుంటారు. నిజానికి అది గాఢనిద్ర కాకపోవచ్చు. జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు వచ్చి పోయే గురకతో ఇబ్బంది లేదు. జలుబు లేకపోయినా వారంలో మూడు రాత్రులు, అంతకు మించి గురక వస్తున్నా, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడినట్లు గాలి పీల్చుకుంటున్నా అది అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా కావొచ్చు. అంటే నిద్రలో గొంతు దగ్గర గాలి దారి పదేపదే మూసుకుపోవడం.

ప్రతి వందమంది పిల్లల్లో ఒకరి నుంచి ఐదుగురికి ఈ సమస్య ఉంటుందని అంచనా. పెద్దవాళ్లలో ఊబకాయం ముఖ్య కారణమైతే, పిల్లల్లో ఎక్కువగా టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ పెరగడం వల్ల వస్తుంది. అందుకే 2 నుంచి 8 ఏళ్ల వయసులో ఎక్కువ. బక్కగా ఉన్న పిల్లలకు రాదనుకోవడం పొరపాటు.

అసలు చిక్కు ఏంటంటే, రాత్రి జబ్బు పగలు వేరే వేషంలో కనిపిస్తుంది. నిద్ర చాలని పెద్దవాళ్లు కునికిపాట్లు పడతారు. పిల్లలు చాలామంది అందుకు భిన్నంగా ఒకచోట కుదురుగా కూర్చోరు, చిరాకు పడతారు, చెప్పింది వినరు. టీచర్ ‘అల్లరి ఎక్కువ, చదువు మీద ధ్యాస లేదు’ అంటారు. పక్క తడపడం మానేసిన పిల్లలు మళ్లీ తడుపుతుంటే దాన్నీ భయం ఖాతాలో వేసేస్తాం. ఇక బరువు. ఎదుగుదలకు తోడ్పడే హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. ఆ నిద్ర చెదిరిపోతూ, రాత్రంతా ఊపిరి కోసం పెనుగులాడుతూ శక్తి ఖర్చయిపోతే తిన్న తిండి ఒంటికి పట్టదు.

ఏళ్ల తరబడి వదిలేస్తే గుండెకూ ముప్పే. రక్తంలో ఆక్సిజన్ తగ్గిన ప్రతిసారీ ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు బిగుసుకుంటాయి. దాంతో గుండె కుడివైపు భారం పడుతుంది. రక్తపోటు పెరగొచ్చు. గుండె దెబ్బతినేంత వరకు వెళ్లే కేసులు అరుదు. సకాలంలో చికిత్స అందితే చాలావరకు కోలుకుంటారు కూడా.

చంటిబిడ్డల్లో..

ఏడాదిలోపు బిడ్డల్లో గురక గట్టిగా వినిపించకపోవచ్చు. పాలు తాగుతూ మధ్యమధ్యలో ఆయాసంతో ఆపేయడం, నిద్రలో డొక్కలు ఎగరేయడం, తల వెనక్కి వాల్చి పడుకోవడం, బరువు పెరగకపోవడం వంటివి గమనించాలి. కింది దవడ చిన్నగా ఉన్నవారికి, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి ముప్పు ఎక్కువ. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు గురక లేకపోయినా నాలుగేళ్లలోపు నిద్ర పరీక్ష చేయించాలన్నది అమెరికా పిల్లల వైద్యుల సంఘం సిఫార్సు. పెదాలు నీలంగా మారినా, 20 సెకన్ల పాటు ఊపిరి ఆగినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ఎక్కడ చూపించాలి?

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) బృందాలు అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడుల్లో ఒకసారి పిల్లల్ని పరీక్షించాలి. వారు చూసే 30 సమస్యల జాబితాలో స్లీప్ ఆప్నియా పేరు లేదు. తీవ్ర పోషకాహార లోపం, ఏకాగ్రత లోపం, చదువులో వెనకబాటు ఉన్నాయి. అంటే మీ బిడ్డ ‘బరువు తక్కువ’ అనో ‘ధ్యాస తక్కువ’ అనో చీటీతో జిల్లా ఆస్పత్రికి వెళ్లొచ్చు. రాత్రి ఏం జరుగుతోందో మీరు చెప్పకపోతే అక్కడ ఎవరికీ తెలియకపోవచ్చు. కాబట్టి గురక సంగతి మీరే ముందు చెప్పండి. బిడ్డ నిద్రపోతున్నప్పుడు ఛాతీ కనిపించేలా రెండు నిమిషాలు ఫోన్లో వీడియో తీసి తీసుకెళ్తే డాక్టర్‌కు చాలా ఉపయోగం.

పిల్లల డాక్టర్ లేదా ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవాలి. హైదరాబాద్‌లో కోఠి, విశాఖలో పెద వాల్తేరు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రులు ఇందుకే ఉన్నాయి. కచ్చితమైన నిర్ధారణకు రాత్రంతా చేసే నిద్ర పరీక్ష అవసరం. ఆ సౌకర్యం అన్ని జిల్లాల్లో లేదు. రిపోర్టు వస్తే పెద్దవాళ్ల కొలతతో చూడొద్దు. గంటకు 5 సార్ల లోపు శ్వాస అడ్డుపడితే పెద్దల్లో సాధారణమే అంటారు. పిల్లల్లో ఒకసారికి మించితేనే తేడాగా లెక్కిస్తారు.

అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందిపై చేసిన ఓ అధ్యయనం 2013లో వెలువడింది. ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకుని ఉన్నవారిలో 46 శాతం మందికి ఏడు నెలల్లో పరీక్ష మామూలుగా వచ్చింది. టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసేసినవారిలో అది 79 శాతం. ప్రవర్తన, నిద్ర కూడా వారిలోనే బాగా మెరుగుపడ్డాయి. ఏకాగ్రత పరీక్షల మార్కుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సమస్య తక్కువగా ఉంటే కొన్నాళ్లు ఆగి చూడొచ్చు. ఎదుగుదల ఆగినా, ఆక్సిజన్ పడిపోతున్నా ఆగకూడదు.

ఖర్చు ఆరోగ్యశ్రీ (ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ) కిందకు వస్తుందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేశారు. మూడేళ్లలోపు పిల్లలైతే, సమస్య తీవ్రంగా ఉంటే ఆపరేషన్ రోజు రాత్రి ఆస్పత్రిలోనే ఉంచి ఆక్సిజన్ గమనించాలి. అదే రోజు ఇంటికి పంపేస్తామంటే ఎందుకని అడగండి. లావుగా ఉన్న పిల్లల్లో ఆపరేషన్ తర్వాత కూడా సమస్య మిగిలిపోవచ్చు. కొన్ని నెలల తర్వాత గురక మళ్లీ వినిపిస్తే మరోసారి చూపించాల్సిందే.