ఏడుకీ నాలుగుకీ ఎక్కడ కలుస్తుంది: ఆక్స్‌ఫర్డ్ నుంచి ఒక లెక్కల బ్యాండ్

ఈ ఎపిసోడ్ విన్నాక ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే: "అన్నా, మ్యాథ్ రాక్ అంటే పాటలో ఎక్కాలు చదువుతారా?" చదవరు. లెక్కంతా దరువులో ఉంటుంది. ఎపిసోడ్‌లో టైం చాలక ఆపేసిన కథ ఇక్కడ రాస్తున్నా. ట్రాన్‌స్క్రిప్ట్ దీని కింద ఉంది.

మనం రోజూ వినే సినిమా పాటలు, రాక్ పాటలు ఎక్కువ భాగం నాలుగు లెక్కలో నడుస్తాయి. కాలు దానంతట అదే ఆడుతుంది. మ్యాథ్ రాక్ వాళ్ళు ఐదుకో ఏడుకో తిరుగుతారు, అదీ ఒకే పాటలో మార్చి మార్చి. మనకి ఇది మరీ కొత్తేం కాదు. ఖండచాపు ఐదు, మిశ్రచాపు ఏడు. "తకిట తకధిమి" అని చేత్తో వేసుకుంటే ఏడు వచ్చేస్తుంది. కానీ కీర్తనలో మామూలుగా ఎత్తుకున్న తాళమే చివరిదాకా ఉంటుంది. వీళ్ళు మధ్యలో వదిలేసి ఇంకోటి పట్టుకుంటారు. ఒక్కోసారి గిటార్ ఏడులో, డ్రమ్స్ నాలుగులో పోతుంటాయి.

నేను ఐటీఐ చదివి సైట్లో పెరిగినవాణ్ణి, నాకు టైల్స్‌తో చెబితేనే ఎక్కుతుంది. గోడకి ఏడు టైల్స్‌కోసారి తిరిగి వచ్చే డిజైను, దాని పైన నాలుగు టైల్స్‌కోసారి వచ్చే బోర్డరు. రెండూ ఒకే మూల నుంచి మొదలుపెడితే, 28 టైల్స్ అయ్యాక గానీ మళ్ళీ రెండూ కలిసి మొదలవ్వవు. మధ్యలో వచ్చి చూసినవాడికి మేస్త్రీ తప్పు వేశాడనే అనిపిస్తుంది. ఈ సంగీతం మొదటిసారి విన్నవాళ్ళకీ అంతే. 28 దాకా ఆగాలి.

ఈ పద్ధతి 1990ల మొదట్లో అమెరికాలోనే గట్టిపడింది. లూయీవిల్ నుంచి స్లింట్, పిట్స్‌బర్గ్ నుంచి డాన్ కాబయేరో. వాళ్ళది కాస్త బరువైన మోత. 1999లో ఇల్లినాయిలో అమెరికన్ ఫుట్‌బాల్ అనే కుర్రాళ్ళ బ్యాండ్ అదే లెక్కని మెత్తగా, దిగులుగా వాయించింది. ఆ మెత్తదనం అట్లాంటిక్ దాటి ఆక్స్‌ఫర్డ్‌లో మొలిచింది.

2004లో అక్కడ ఒక బ్యాండ్ మొదలైంది. పేరు దిస్ టౌన్ నీడ్స్ గన్స్, అంటే "ఈ ఊరికి తుపాకులు కావాలి". గిటార్ టిమ్ కొలిస్, డ్రమ్స్ అతని సోదరుడు క్రిస్, పాడేది స్టువర్ట్ స్మిత్. వాళ్ళ తొలి రోజుల పాట ఒకదాని పేరుకి అర్థం "నాలుగు కంటే 26కి బాగా డాన్స్ చెయ్యొచ్చు" అని. అంతకంటే ముక్కుసూటిగా తమ పని గురించి ఎవరూ చెప్పలేరు. 2008లో "యానిమల్స్" ఆల్బమ్ వచ్చింది. పాటలన్నిటికీ జంతువుల పేర్లు: పంది, లేమర్, పాండా, చిన్‌చిల్లా. టిమ్ గిటార్ తీగల్ని మామూలు శ్రుతిలో ఉంచేవాడు కాదు, వేరే శ్రుతులకి మార్చుకునేవాడు. ఒక్కడే వాయిస్తున్నా ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. లెక్క ఎంత మెలికలు తిరిగినా పైన స్మిత్ గొంతు తిన్నగా పోతుంటుంది. నాబోటివాడు పట్టుకుని నడిచింది ఆ గొంతునే.

అదే ఊరు, అదే ఏడాది, ఫోల్స్ అనే బ్యాండ్ తొలి ఆల్బమ్ "యాంటిడోట్స్" బ్రిటన్ చార్టుల్లో 3వ స్థానానికి వెళ్ళింది. వాళ్ళూ ఈ లెక్కల్లోంచి వచ్చినవాళ్ళే, తర్వాత డాన్స్ వైపు, పెద్ద పెద్ద స్టేజీల వైపు వెళ్ళారు. మన బ్యాండ్ చిన్న హాళ్ళలోనే ఉండిపోయింది. లెక్క మాత్రం వదల్లేదు.

2011లో స్మిత్ వెళ్ళిపోయాడు. పాడేవాడు పోతే సగం బ్యాండ్‌లు అక్కడితో ఆగిపోతాయి. వీళ్ళు హెన్రీ ట్రెమెయిన్‌ని తెచ్చుకున్నారు. బేస్ అతనే, పాటా అతనే. ముగ్గురయ్యారు. చేతులు ఒక లెక్కలో, నోరు ఇంకో లెక్కలో పోవాలి. ప్రయత్నించి చూడండి, చేత్తో ఏడు వేస్తూ నోటితో నాలుగు లెక్కపెట్టండి.

ఆ మలుపులోనే పేరు కూడా టీటీఎన్‌జీ అని కుదించుకున్నారు. పాత పేరు వెటకారానికి పెట్టుకున్నదే, వీళ్ళు తుపాకుల మనుషులు కారు. కానీ వెటకారం అందరికీ అందదు కదా. ప్లెయిన్స్‌బరోలో ఉంటూ నేను ఆ పూర్తి పేరు మా పిల్లల ముందు బయటికి అనను. న్యూజెర్సీ బడుల్లో నెలనెలా ఫైర్ డ్రిల్‌తో పాటు సెక్యూరిటీ డ్రిల్ కూడా చేయిస్తారు. తలుపేసుకుని చప్పుడు చెయ్యకుండా కూర్చోవడం పిల్లలకి అలవాటే. అలాంటి చోట ఆ పేరున్న టీషర్టు వేసుకుని ఎవరు తిరుగుతారు? నాలుగు అక్షరాలే మేలు.

2013 ఆల్బమ్ పేరు "13.0.0.0.0". ఫోన్ నంబరు కాదు. మాయా క్యాలెండర్లో 2012 డిసెంబర్ 21ని అలా రాస్తారు. మన టీవీ ఛానళ్ళు యుగాంతం అని ఊదరగొట్టిన రోజు గుర్తుందా, అదే. ఆ క్యాలెండర్ లెక్క ఇరవై ఇరవైగా పెరుగుతుంది, ఒక్కచోట మాత్రం ఇరవై బదులు పద్దెనిమిదికే తిరుగుతుంది. ఈ బ్యాండ్‌కి ఇంతకంటే సరిపడే పేరు దొరకదు. 2016లో వచ్చిన "డిసపాయింట్‌మెంట్ ఐలాండ్" పేరు న్యూజిలాండ్‌కి దక్షిణాన నిజంగా ఉన్న దీవిది. అక్కడ మనుషులుండరు.

వినాలనుకునేవాళ్ళు "చిన్‌చిల్లా"తో మొదలుపెట్టండి. మొదటిసారి లెక్కపెట్టొద్దు, ఊరికే వినండి. రెండోసారి డ్రమ్స్ ఒక్కటే పట్టుకోండి. మూడోసారి గిటార్. అవి రెండూ ఎక్కడ కలిశాయో దొరికితే ఎన్నో నిమిషంలో కలిశాయో కింద కామెంట్లో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా.