మూత్రపిండపు ధమనికి స్టెంట్: మణికట్టు నుండా, గజ్జ నుండా?

మూత్రపిండానికి రక్తం తీసుకెళ్లే ధమని ఇరుకైతే చాలామందికి మందులే సరిపోతాయి. కొందరికి మాత్రం స్టెంట్ వేసి దానిని వెడల్పు చేయవలసి వస్తుంది. అప్పుడు "చేతి నుండే చేయండి డాక్టరు గారూ, గజ్జ నుండి చేస్తే కాలు కదలనివ్వరట గదా" అని ఇంటివారు అడుగుతుంటారు.

పోచంపాడు కాకతీయ కాలువ నుండి పిల్లకాలువలు చీలినట్లే, కడుపులోని పెద్ద ధమని నుండి మూత్రపిండాల ధమనులు చీలుతాయి. చాలామందిలో ఇవి కిందికి వాలి ఉంటాయి. అందుచేత మణికట్టు నుండి, అంటే పైనుండి వచ్చే సన్నని గొట్టం వాటిలోకి తేలికగా దిగుతుంది. రక్తస్రావం తక్కువ, రోగి త్వరగా లేచి కూర్చోవచ్చు. పొడవైన మనుషులకు గొట్టం చాలకపోవచ్చు. గజ్జలోని ధమని పెద్దది, దారి దగ్గర. అయితే కాలు చాపి కొన్ని గంటలు పడుకోవాలి.

అసలు సంగతి వేరే ఉంది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి ముందుముందు డయాలసిస్ అవసరం పడవచ్చు. దానికోసం చేతిలోని ధమనిని, సిరను కలిపి ఫిస్టులా చేస్తారు. మణికట్టు ధమని సన్నది, గొట్టం పెట్టాక కొందరిలో మూసుకుపోతుంది. అప్పుడు ఆ మణికట్టు వద్ద ఫిస్టులా చేయడం కష్టం. కనుక క్రియాటినిన్ ఎక్కువని ఎవరైనా చెప్పి ఉంటే, ఆ పాత రిపోర్టులు తప్పక తెచ్చి చూపండి. డాక్టరు గజ్జనే ఎంచుకుంటే నొచ్చుకోకండి.

తర్వాత గజ్జలో వాపు, రక్తం, నడుము నొప్పి, చెమటలు కనిపించినా, చేతివేళ్లు చల్లబడి నీలంగా మారినా వెంటనే నర్సును పిలవండి. ఇంటికి వెళ్లాక రక్తం కారితే ఆ చోటును గట్టిగా అదిమిపట్టి, ఆసుపత్రికి తీసుకురండి. మన ఆర్మూరు పసుపు ఎంత మంచిదైనా, సూది గుచ్చిన చోట మాత్రం అద్దకండి.