కొత్త ఇల్లు, పాత పిల్లులు

మొన్న ఓ.పి.లో అత్తగారికి బి.పి. చూపించడానికి వచ్చిన ఒక తల్లి, వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి అడిగింది: "డాక్టరమ్మా, పిల్లులు చావడానికి ఏ మందు పెట్టాలండీ?"

వాళ్ళు ఊరి చివర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకొని, గృహ ప్రతిష్ఠ ప్రార్థన చేయించుకొని రెండు నెలలైంది. రాత్రయితే చాలు, మేడమెట్ల మీద పిల్లుల పోట్లాట. వంటింట్లో పాలగిన్నె దొర్లిస్తున్నాయి. ఇంటి ముందు మిగిలిపోయిన ఇసుక కుప్పలోనే దొడ్డికి వెళ్తున్నాయి. పైగా ఒకటి అటక మీద పిల్లల్ని పెట్టింది. ఆమె ఇవన్నీ చెబుతుండగా పక్కన నిలబడ్డ ఐదేళ్ళ బాబు మణికట్టు మీద పసుపు పూసిన రెండు గీతలు కనబడ్డాయి. ఏమిటని అడిగాను. "అదేనండీ, పిల్లి గీరింది. మూడు రోజులైంది. కాస్త రక్తం వచ్చింది, పసుపు పెట్టాను, తగ్గిపోయింది" అంది.

పిల్లుల మందు సంగతి పక్కనబెట్టి ముందు ఆ చేతిని చూశాం. మీరు కూడా ముందు అదే తెలుసుకోవాలని ఈ వ్యాసంలో దానితోనే మొదలుపెడుతున్నాను.

పిల్లి గీరినా, కరిచినా

రేబిస్ అంటే కుక్క కాటు వల్ల వచ్చే జబ్బు అనే చాలామందికి తెలుసు. మన దేశంలో ఎక్కువ కేసులు కుక్కల వల్లనే వస్తాయన్నది నిజమే. కాని పిచ్చికుక్క కరిచిన పిల్లికీ ఆ జబ్బు వస్తుంది, ఆ పిల్లి నుండి మనకూ వస్తుంది. జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషిని బ్రతికించడం దాదాపు అసాధ్యం. అయితే లక్షణాలు రాకముందే సరిగా వైద్యం చేస్తే జబ్బు రాకుండా ఆపవచ్చు. "పిల్లే కదా" అని ఊరుకోకూడదని చెప్పేది అందుకే.

గాయమైన వెంటనే చేయవలసిన పని ఇంట్లోనే ఉంది. కుళాయి తిప్పి, ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకొని కడగండి, ఎందుకంటే రెండు నిమిషాలకే పదిహేను అయినట్లు అనిపిస్తుంది. మామూలు బట్టల సబ్బయినా ఫరవాలేదు. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు, కిరోసిన్ ఇవేవీ పెట్టవద్దు. ఇవి గాయాన్ని మండిస్తాయే గాని రేబిస్ క్రిమిని చంపవు. కట్టు బిగించకుండా అదే రోజు ఆసుపత్రికి రండి.

చర్మం మీద కేవలం నాకితే, అక్కడ పుండు గాని గీత గాని లేకపోతే, కడుక్కుంటే చాలు. రక్తం రాకుండా గీరుకుంటే టీకా వేయించుకోవాలి. గోటితోనైనా పంటితోనైనా చర్మం తెగి రక్తం వచ్చినా, పుండు మీద నాకినా, టీకాతో పాటు గాయం చుట్టూ, లోపల వేసే ఇమ్యునోగ్లోబులిన్ మందు కూడా కావాలి. మొదటి టీకా వేసిన ఏడు రోజుల లోపే దాన్ని వేయాలి. పై బాబుకు ఈ రెండూ అదే రోజు మొదలుపెట్టాం. మూడు రోజులు ఆలస్యమైనా వేయించుకోవలసిందే. "ఇక లాభం లేదులే" అని మానుకోకండి.

ఇంకా కొందరికి బొడ్డు చుట్టూ 14 సూదుల భయం పోలేదు. ఆ పాత మందు మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు జబ్బకు (చిన్న పిల్లలకైతే తొడకు) వేస్తారు. కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు మోతాదులు. చర్మం పొరల్లో వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు రావాలి. 0 అంటే మొదటి సూది వేసిన రోజు. గర్భవతులు, పాలిచ్చే తల్లులు కూడా నిరభ్యంతరంగా వేయించుకోవచ్చు. పథ్యం అక్కర్లేదు, గుడ్డూ మాంసమూ తినవచ్చు.

తెలిసిన పిల్లి అయితే 10 రోజులు గమనించండి. అప్పటికీ ఆరోగ్యంగా ఉంటే మిగిలిన మోతాదులను ఎలా మార్చాలో డాక్టరు చెబుతారు. టీకా మాత్రం ఆ 10 రోజుల కోసం ఆగకూడదు, మొదటి రోజే మొదలవ్వాలి.

పిల్లి కాటులో మరొక చిక్కుంది. దాని పళ్ళు సూదుల్లాగా సన్నగా ఉంటాయి. పైకి చిన్న చుక్కలాగే కనబడుతుంది గాని క్రిములు లోతుగా దిగుతాయి. మర్నాటికే చెయ్యి వాచి, ఎర్రబడి, సలుపు పుట్టవచ్చు. షుగరు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారో కూడా డాక్టరుకు చెప్పండి.

ఇసుక కుప్ప

కొత్త ఇళ్ళ ముందు ఇది మామూలే. ప్లాస్టరింగ్ అయిపోయాక మిగిలిన ఇసుక నెలల తరబడి అలాగే ఉంటుంది. పిల్లలకు అది ఆటస్థలం, పిల్లులకు అది దొడ్డి. పిల్లులు, కుక్కల కడుపులో ఉండే ఒక రకం కొంకి పురుగుల గుడ్లు మలంతో ఇసుకలో పడి, పొదిగి, వట్టి కాళ్ళతో ఆడే పిల్లల చర్మంలోకి దూరుతాయి. అప్పుడు పాదం మీద గాని పిరుదుల మీద గాని ఎర్రని వంకర గీత కనబడుతుంది. రాత్రి నిద్రపట్టనంత దురద. ఆ గీత రోజురోజుకూ కొంచెం ముందుకు జరుగుతుంది. తామర అనుకొని పూత మందులు రాస్తూ కూర్చోకండి. మింగే మందుతో తగ్గిపోతుంది.

ఇసుకను ఎవరికైనా ఇచ్చేయండి, లేదా టార్పాలిన్ కప్పి చుట్టూ ఇటుకలు పెట్టండి. వారం పది రోజుల్లో పిల్లులకు అక్కడ పని ఉండదు.

గర్భవతి ఉన్న ఇంట్లో

"పిల్లి తిరిగే ఇంట్లో గర్భం నిలవదంట గదా" అని అడిగేవాళ్ళు చాలామంది. టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించి విన్న సగం మాట అది. ఈ క్రిమి సోకిన పిల్లి సాధారణంగా ఒకటి నుండి మూడు వారాల పాటు మలంలో దాన్ని వదులుతుంది. ఆ మలం బయటపడ్డ ఒకటి నుండి ఐదు రోజుల తరువాత గాని ఆ క్రిమి మనుషులకు అంటుకునే స్థితికి రాదు. పిల్లి గోడ మీద నడిచినంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, మట్టి చేతులు, వీటి ద్వారా కూడా ఈ క్రిమి వస్తుంది. గనుక గర్భవతులు పిల్లి మలం ఎత్తే పని ఇంకొకరికి అప్పజెప్పాలి, మొక్కల పని చేస్తే చేతికి తొడుగు వేసుకోవాలి, మాంసం బాగా ఉడికించాలి. రక్తపరీక్షలో ఐ.జి.జి. ఒక్కటే పాజిటివ్ వస్తే ఎప్పుడో సోకి ఉండవచ్చని అర్థం. ఆ కాగితం పట్టుకొని ఇంటిల్లిపాదీ ఏడవనక్కర్లేదు, డాక్టరుకు చూపించండి.

విషం మాట

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు: ఏ మందూ వద్దు.

పిల్లి కోసం చేపముక్కలో పెట్టిన విషం పిల్లి తినేవరకు ఎదురుచూడదు. పాకే పసిబిడ్డ తినవచ్చు, పక్కింటి కోడి తినవచ్చు. ఎలుకల మందు పేస్టుల్లో కొన్నింటిలో పచ్చ భాస్వరం ఉంటుంది. అది లోపలికి పోతే మొదట వాంతులై, ఒకటి రెండు రోజులు బాగున్నట్లే అనిపించి, తరువాత కాలేయం పాడవుతుంది. దానికి విరుగుడు మందు లేదు. కలరా ఉండలు చల్లితే పిల్లులు రావని మరికొందరంటారు. జి-6-పి-డి లోపం ఉన్న పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుంటే రక్తకణాలు చిట్లి పచ్చకామెర్లు వస్తాయి. చట్టం కూడా ఒప్పుకోదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉండనే ఉంది. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను ప్రకారం జంతువును చంపితే అయిదేళ్ళ వరకు శిక్ష పడవచ్చు.

గోతాంలో పట్టి మార్కెట్ దగ్గర వదిలేద్దామన్నది ఆ అత్తగారి సలహా. పట్టేటప్పుడే చేతులు కరిపించుకుంటారు. వదిలిన పిల్లి చాలాసార్లు తిరిగి వస్తుంది. రాకపోయినా, తిండి ఉన్నంతకాలం ఆ చోటికి ఇంకొకటి చేరుతుంది.

మరి ఏం చేయాలి?

ఆ స్థలం ఇన్నేళ్ళు ఖాళీగా ఉంది. పునాదులు తీసినప్పటి నుండి పనివాళ్ళ అన్నం మెతుకులు, సిమెంటు బస్తాల మధ్య ఎలుకలు, వాన పడితే దాక్కోవడానికి స్లాబు. మీ కంటే ముందు గృహప్రవేశం చేసింది అవే! తిండి, చోటు లేకుండా చేస్తే వాటంతట అవే తగ్గుతాయి.

వంటింటి కిటికీకి, బాత్‌రూం వెంటిలేటరుకు ఇనుప జాలీ కొట్టించండి. కొత్త ఇళ్ళల్లో వెంటిలేటరును మరచిపోతారు, పిల్లి వచ్చే దారి అదే. చీకటి పడేసరికి మేడమెట్ల తలుపు వేయండి. మన పెద్దవాళ్ళు ఉట్టి కట్టింది ఊరికే కాదు. ఇప్పుడు ఉట్టి లేకపోతే పాలగిన్నె మీద బరువైన మూత పెట్టండి. పిల్లి మూతి పెట్టిన పాలు పిల్లలకు పోయవద్దు. చేపలు కడిగిన నీళ్ళు, పొలుసులు గుమ్మం ముందు పారబోయకుండా గొయ్యి తీసి కప్పండి. ఆ ఇంట్లో అన్నిటికంటే ముందు మారవలసింది ఇదేనని నాకు అనిపించింది. వారానికి మూడు రోజులు చేపలట! నిమ్మతొక్కలు, నారింజ తొక్కలు కుండీల్లో వేస్తే కొంత దూరంగా ఉంటాయి, కాని ఆ వాసన రెండు రోజులే.

అటక మీది పిల్లల జోలికి పోకండి. బిడ్డల తల్లి మీద పడి రక్కుతుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని సామెత ఉండనే ఉంది. మనుషుల అలికిడి ఎక్కువైతే తానే మార్చేస్తుంది. అది ఖాళీ చేశాక చూసుకొని సందు మూయించండి, పిల్లలు లోపల ఉండగా మూయవద్దు.

రాత్రిళ్ళు పసిబిడ్డ ఏడ్చినట్లు వినబడే అరుపులు ఎదకు వచ్చిన పిల్లులవి. కీడు సూచన అని భయపడనక్కర్లేదు. ఆడపిల్లి అయిదారు నెలలకే చూలు కట్టవచ్చు, రెండు నెలలకు ఈనుతుంది. వీధిలో ఎవరైనా వాటికి అన్నం పెడుతుంటే (మా ఈ కథలో పక్కింటి పెద్దావిడ), వారితో గొడవపడకుండా మాట్లాడండి. ఒకే చోట, ఒకే వేళకు పెట్టి, తినగానే గిన్నె తీసేయమనండి. పశువుల ఆసుపత్రిలో పిల్లులకు కుటుంబ నియంత్రణ ఆపరేషను, రేబిస్ టీకా వేస్తారేమో ఇద్దరూ కలిసి వెళ్ళి అడగండి.

ఆ తల్లి బాబును మూడో రోజు సూదికి తీసుకొచ్చింది. జాలీ కొట్టించారట, ఇసుకను పక్క ప్లాటువాళ్ళు తీసుకెళ్ళారట. గీరిన పిల్లి ఇంకా పక్కింటి పిట్టగోడ మీదే కూర్చుంటోందని ఫిర్యాదుగా చెప్పింది. పదో రోజు వరకు అది అక్కడే కనబడాలని కోరుకోమ్మా అన్నాను.